పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి

పాఠకుల ప్రశ్నలు, మనోవైద్యురాలి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా వైద్య కళాశాలల్లో చదువుతున్నవారివి, అక్కడ పాఠాలు చెబుతున్న తెలుగువారివి. అన్నిటి వెనకా ఉన్న విషయం ఒకటే. వైద్యవృత్తిలో తమ జనాభాకు తగినంతమంది లేని నల్లజాతి, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినో, ఆదిమ అమెరికన్ వర్గాల పిల్లలు మనోవైద్య పరిశోధనలోకి ఎలా రావాలి, వాళ్లకు చేయి అందించేది ఎవరు? ముప్పై ఏళ్లుగా నా మనసు పెట్టి చేస్తున్న పని ఇది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్కారం డాక్టరు గారూ. ఒక వైద్య కళాశాల మనోవైద్య విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి రెండేళ్లయింది. ఈ వేసవికి ఇద్దరు విద్యార్థుల పరిశోధనకు మార్గదర్శిగా ఉండమని మా విభాగాధిపతి అడిగారు. ఒకమ్మాయిది నల్లజాతి కుటుంబం. రెండో అబ్బాయి ఆదిమ అమెరికన్ తెగకు చెందినవాడు, వాళ్ల ఇంట్లో కళాశాల గడప తొక్కిన మొదటివాడు. నేనేమో డాక్టర్ల ఇంట్లో పుట్టి పెరిగాను. వాళ్ల జీవితం నాకేం తెలుసు? వాళ్ల వర్గానికే చెందిన పెద్దవారికి అప్పగిస్తే మంచిదేమో అనిపిస్తోంది. ఒప్పుకోవాలా, వద్దా?

జవాబు: ఒప్పుకోండి. మీ సందేహం మంచి మనసులోంచే వచ్చింది. కానీ మీరు కాదంటే నష్టపోయేది ఆ పిల్లలే.

‘వాళ్ల వర్గానికి చెందిన పెద్దవారు’ అన్నారు. మీ విభాగంలో అలాంటి ఆచార్యులు ఎందరున్నారో లెక్కపెట్టి చూడండి. చాలాచోట్ల ఒకరు, మహా అయితే ఇద్దరు. ప్రవేశాల సంఘంలో వారే ఉండాలి, వైవిధ్యం కోసం వేసిన ప్రతి సంఘంలోనూ వారే ఉండాలి, దిక్కుతోచని ప్రతి విద్యార్థీ వారి తలుపే తడతాడు. ఇంత చేసినా పదోన్నతి వేళకు అది లెక్కలోకి రాదు. ఈ అదనపు భారానికి అమెరికా వైద్య విద్యారంగంలో ‘మైనారిటీ పన్ను’ అన్న పేరు స్థిరపడిపోయింది. మీరు తప్పుకుంటే ఆ పన్ను మీ సహోద్యోగి నెత్తిన ఇంకాస్త పడుతుంది.

ఇక ‘వాళ్ల జీవితం నాకేం తెలుసు’ అన్న మాట. తెలియదు, నిజమే. అడిగితే వాళ్లే చెబుతారు. కానీ మీకు తెలిసి వాళ్లకు తెలియనివి చాలా ఉన్నాయి. డాక్టర్ల ఇంట్లో అవి భోజనాల దగ్గరే చెవిన పడతాయి. ముఖపరిచయం లేని ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాయడం తప్పు కాదని, జవాబు రాకపోతే వారం ఆగి మళ్లీ రాయవచ్చని. నైతిక సమీక్షా సంఘం అనుమతికి వారాలు పడుతుంది కాబట్టి వేసవికి ముందే దరఖాస్తు పెట్టాలని. గణాంక నిపుణుణ్ణి వివరాలు సేకరించాక కాదు, సేకరించక ముందే కలవాలని. పత్రిక నుంచి ‘సవరించి పంపండి’ అని వస్తే అది తిరస్కరణ కాదు, శుభవార్త అని. నా విద్యార్థి ఒకడు అలాంటి ఉత్తరం చూసి, తన పని పనికిరాదన్నారనుకుని వ్యాసాన్ని నాలుగు నెలలు పక్కన పెట్టేశాడు. ఆ ఉత్తరాన్ని ఎలా చదవాలో అతనికి చెప్పినవారు లేరు. నాలుగు నెలలపాటు ‘వ్యాసం ఏమైంది’ అని అడగకపోవడం నా తప్పు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

నేను రెసిడెన్సీలో, అంటే పట్టా తర్వాతి ఆసుపత్రి శిక్షణలో, ఉన్నప్పుడు నాకు దారి చూపినావిడది నా దేశం కాదు, నా భాష కాదు. మొదటి రోజు ఆమె గదిలోకి వెళ్లి బల్లకు ఇవతలి వైపు కుర్చీలో కూర్చోబోయాను. ఆమె లేచి వచ్చి, ఆ కుర్చీని ఎత్తి తన పక్కన వేసుకున్నారు. బల్ల మీద ఆమె గ్రాంటు దరఖాస్తును తిరస్కరిస్తూ సమీక్షకులు రాసిన కాగితాలున్నాయి. ‘చదివి, వీళ్లు చెప్పినవాటిలో ఏది నిజమో, ఏది కాదో చెప్పండి’ అన్నారు. నాకు సగం అర్థం కాలేదు. అయినా అంతటి మనిషికీ తిరస్కరణలు వస్తాయని, వచ్చాక స్థిమితంగా కూర్చుని వాటిని చదువుకుంటారని ఆరోజు కళ్లారా చూశాను. మీరూ ఆ ఇద్దరికీ మీ తిరస్కరణలు చూపించండి. పక్కన కుర్చీ వేసి చూపించండి.

మొదటి సమావేశంలో నేను మార్కుల గురించి అడగను. ‘ఏం చూశాక మనోవైద్యం మీద ఆసక్తి కలిగింది?’ అని అడుగుతాను. కొన్నేళ్ల కిందట అమెరికా దక్షిణాది రాష్ట్రం నుంచి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థిని దీనికి జవాబుగా తన మేనమామ సంగతి చెప్పింది. ఆయనకు స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించే, భ్రమలు కలిగే జబ్బు) అంటూ ఏళ్ల తరబడి మందులిచ్చారు. చివరికి ఒక డాక్టరు ఓపికగా పాత కథంతా వింటే అది మితిమీరిన హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ అని తేలింది. ‘మొదటి రోజు ఎవరైనా మామయ్యను నిద్ర గురించి, అంతులేని హుషారు గురించి అడిగారా? నాకు అది తెలుసుకోవాలని ఉంది’ అంది. అమెరికాలో నల్లజాతి రోగులకు స్కిజోఫ్రీనియా నిర్ధారణ తెల్లవారితో పోలిస్తే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా జరుగుతోందని, వాళ్ల కుంగుబాటు, ఉద్వేగ లక్షణాలకు వైద్యులు తగిన విలువ ఇవ్వడం లేదని పరిశోధకులు చాలాకాలంగా రాస్తున్నారు. ఆ అమ్మాయి అవేవీ చదవలేదు. ఇంట్లో చూసింది. మేమిద్దరం ఆ ప్రశ్నను ఒక వేసవికి సరిపోయేంత చిన్నది చేశాం. మొదటిసారి వచ్చిన రోగి కేసు కాగితంలో నిద్ర, హుషారు, కుంగుబాటు గురించి అడిగినట్టు రాసి ఉందా, లేదా? పాత కేసు కాగితాలు, ఒక పట్టిక, ఎనిమిది వారాలు. అది చాలు.

ఈ పిల్లలు రావడం వాళ్ల మేలు కోసమే అనుకోకండి, మన శాస్త్రానికే వాళ్లు కావాలి. 1977లో వచ్చిన 20 ప్రశ్నల కుంగుబాటు కొలమానం సీఈఎస్-డీని మీరు వాడే ఉంటారు. అందులో మనుషులు తనతో స్నేహంగా లేరని, జనానికి తనంటే ఇష్టం లేదని అనిపించిందా అని రెండు అంశాలున్నాయి. కుంగుబాటు స్థాయి సమానంగా ఉన్నప్పుడు కూడా తెల్లవారికంటే నల్లజాతివారు ఈ రెండింటికీ అవునని చెప్పే అవకాశం ఎక్కువని 2000లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. దుకాణంలో అడుగుపెట్టగానే, దొంగేమోనని కాపలామనిషి ఎవరి వెంట నడుస్తాడో ఆ వ్యక్తికి అది రోగలక్షణం కాదు, ఆ పూట జరిగిన సంగతి. ప్రశ్నావళి రాసేటప్పుడే ‘ఇది మా ఇంట్లో వేరే అర్థం ఇస్తుంది’ అనగల మనిషి ఆ బల్ల దగ్గర ఉంటే ఎంత బాగుండేది!

అలాగని ఆ అబ్బాయి ఆదిమ అమెరికన్ కాబట్టి మద్యం మీదో ఆత్మహత్యల మీదో పనిచేయాలని మీరే నిర్ణయించకండి. నిద్రలో మెదడు తరంగాల మీద ఆసక్తి ఉందంటే అదే చేయనివ్వండి. తన జాతి దుఃఖాన్ని జీవితాంతం మోయాలన్న నియమం అతనికి లేదు.

సలహా ఇచ్చి ఊరుకుంటే మీ పని అయిపోదు. సాల్మన్ కార్టర్ ఫుల్లర్ పేరు విన్నారా? 1872లో లైబీరియాలో పుట్టారు. 1897లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా తీసుకున్నారు. అమెరికాలో తొలి నల్లజాతి మనోవైద్యుడిగా చరిత్ర ఆయనను గుర్తిస్తుంది. మ్యూనిక్ వెళ్లి, మతిమరుపు వ్యాధికి ఎవరి పేరు వచ్చిందో ఆ అలాయిస్ అల్జైమర్ దగ్గర స్వయంగా పనిచేశారు. 1912లో అల్జైమర్ వ్యాధి మీద విస్తృతమైన సమీక్ష ప్రచురించారు. అలాంటి మనిషి బోస్టన్‌లో ఐదేళ్లు న్యూరాలజీ విభాగాన్ని నడిపినా అధిపతి హోదా ఇవ్వలేదు. 1933లో ఒక తెల్ల అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను అధిపతిని చేస్తే ఫుల్లర్ ఆ ఉద్యోగం వదిలేశారు. మెచ్చుకోళ్లు దక్కాయి, పదవి దక్కలేదు. మీ విద్యార్థులు లేని గదుల్లో, ఎంపిక సంఘాల్లో, సదస్సు వక్తల జాబితా వేసేచోట వాళ్ల పేరు మీరు ఎత్తాలి. మార్గదర్శికి అన్నిటికంటే కష్టమైన పని అదే. చాలామంది అక్కడిదాకా రారు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి వైద్య కళాశాలలో చదువుతున్నాడు. ‘ప్రాతినిధ్యం తక్కువ ఉన్న వర్గాలకు’ అంటూ వేసవి పరిశోధన పథకాలు కనిపిస్తుంటాయి. ఈ దేశంలో మనమూ మైనారిటీలమే కదా! మన పిల్లలకు అవి వర్తించవని చెప్పినప్పుడు మనసుకు కష్టంగా ఉంది.

జవాబు: తల్లిగా మీ కష్టం నాకు అర్థమవుతుంది. ఉన్నమాట చెబుతాను. అమెరికా వైద్య కళాశాలల సంఘం 2003లో ఈ మాటకు నిర్వచనం ఇచ్చింది. జనాభాలో తమ వాటాతో పోలిస్తే వైద్యవృత్తిలో వాటా తక్కువగా ఉన్న జాతులు, వర్గాలు అని. అంటే మైనారిటీ అయితే చాలదు, ఆ రెండు వాటాల మధ్య తేడా ఉండాలి. భారతీయ సంతతివారు అక్కడి జనాభాలో కొద్దిమందే అయినా డాక్టర్లలో మన వాటా దానికి ఎంతో ఎక్కువ. ఏ ఆసుపత్రి బోర్డు మీద చూసినా మన పేర్లు కనిపిస్తాయి.

అవతలి వైపు ఏం జరిగిందో కూడా చూడాలి. 1910లో ఫ్లెక్స్‌నర్ అనే ఆయన నాసిరకం వైద్య కళాశాలలను మూసేయాలంటూ ఒక నివేదిక రాశారు. అప్పటికి నల్లజాతివారి కోసం 7 వైద్య కళాశాలలున్నాయి. 1923 నాటికి వాటిలో హోవార్డ్, మెహారీ రెండే మిగిలాయి. మిగతా కళాశాలల్లో చాలావాటి తలుపులు వాళ్లకు మూసే ఉండేవి. ఆ మూతపడ్డ ఐదు కళాశాలల్లో చదవవలసిన డాక్టర్లు, వాళ్ల పిల్లలు, మనవలు ఎంతమందిని మనం పోగొట్టుకున్నామో ఆలోచించండి. మీ అబ్బాయికి ‘మా పెదనాన్న డాక్టరు’ అని చెప్పుకునే వీలుంది. అతని పక్క బెంచీ కుర్రాడికి ఆ పెదనాన్నను చరిత్రే లేకుండా చేసింది.

2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కళాశాల ప్రవేశాల్లో జాతిని నేరుగా పరిగణించడం ఆగిపోయింది. పథకాల షరతులు కూడా మారుతూ వస్తున్నాయి. పేదరికం, పల్లె నేపథ్యం, వైకల్యం, ఇంట్లో తొలితరం చదువు వంటివాటిని చూసేవీ ఉంటాయి. మీ అబ్బాయి దేనికి అర్హుడో ఒక్కొక్క ప్రకటనా చదివి చూసుకోవాలి. దేనికీ కాకపోయినా తనకు నచ్చిన పరిశోధన చేస్తున్న ఆచార్యులకు నేరుగా రాయమనండి. ఒక్క విన్నపం. ‘మన సీటు వాళ్లు తీసుకున్నారు’ అన్న మాట మీ ఇంట్లో అతని ముందు రానివ్వకండి. రేపు ఆ వర్గాల రోగులే అతని ముందు కూర్చుని మనసు విప్పాలి.

ప్రశ్న: డాక్టరమ్మా, మా అమ్మ తెలుగు, నాన్న ఆఫ్రికన్ అమెరికన్. తెలుగు చదవడం, రాయడం అమ్మ నేర్పింది. నేను వైద్య విద్య మొదటి సంవత్సరంలో ఉన్నాను. వచ్చే వేసవికి ఒక మనోవైద్య ప్రయోగశాలలో అవకాశం ఉంది కానీ జీతం లేదట. నాకు చదువు అప్పు ఉంది, ఇంటికి కొంత డబ్బు పంపాలి కూడా. పరిశోధన అనేది డబ్బున్నవారి పిల్లలకేనా?

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను తల్లీ. నీ తెలుగు ముచ్చటగా ఉంది, మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

జీతం లేని పని ఒప్పుకోవద్దు. సిగ్గుపడకుండా ఆ ప్రొఫెసర్‌కు రాయి. ‘మీ పని చేయాలని నాకు చాలా ఉంది, వేసవిలో సంపాదన లేకుండా ఉండలేను, భృతి దొరికే దారి ఏదైనా ఉందా?’ అని మూడు వాక్యాలు చాలు. చాలామంది ఆచార్యులకు ఈ సంగతి తట్టదు. అడిగితే వెతుకుతారు. తర్వాత మీ కళాశాల విద్యార్థి వ్యవహారాల కార్యాలయానికి వెళ్లు. అనేక వైద్య కళాశాలల్లో మొదటి వేసవి పరిశోధనకు సొంత భృతి ఉంటుంది. చదువుకుంటూ పనిచేసే విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ వర్క్ స్టడీ సాయానికి నీకు అర్హత ఉంటే ప్రయోగశాల పనికి ఆ డబ్బు వాడుకునే వీలుందేమో అడుగు. ఈ వరసలో మూడోది మనోవైద్య విభాగాధిపతి. ఎనిమిది వారాల భృతి విభాగానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఎందుకిలా అందరి దగ్గరికీ వెళ్లమంటున్నానంటే, 2025లో పరిశోధనకు నిధులిచ్చే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, అదే ఎన్‌ఐహెచ్, వైవిధ్యం పేరుతో ఉన్న గ్రాంట్లు చాలావాటిని రద్దు చేసింది. వాటి మీద కోర్టుల్లో కేసులు నడిచాయి. అందుకని ఒకే పథకం మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ రద్దుల వల్ల మధ్యలో ఆగిపోయిన పిల్లల్ని తలుచుకుంటే నాకు కోపం ఆగదు. కానీ నీ వేసవి నా కోపంతో గడవదు కదా, అందుకే దారులు చెబుతున్నాను.

ఇవేవీ కుదరకపోతే వేసవిలో జీతం వచ్చే ఉద్యోగమే చేసుకో. పరిశోధన వారానికి ఐదు గంటలతో ఇంటి నుంచి మొదలుపెట్టవచ్చు. నాన్‌హేన్స్ అనే జాతీయ ఆరోగ్య సర్వేలో 2005 నుంచి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కుంగుబాటు ప్రశ్నావళి ఉంది. దాని వివరాలు పేర్లు లేకుండా అందరికీ ఉచితంగా ఇస్తారు. మాదకద్రవ్యాల వాడకం, మానసిక ఆరోగ్యం మీద ఏటా జరిగే జాతీయ సర్వే వివరాలూ అలాగే దొరుకుతాయి. ఒక చిన్న ప్రశ్న, ఉచితంగా దొరికే ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్, నెలకు రెండుసార్లు నీ పట్టికలు చూసే మార్గదర్శి. నా దగ్గర చేసినవారిలో ఇద్దరు ఇలాగే మొదలుపెట్టారు.

అప్పు గురించి భయపడుతున్నావు. అమెరికాలో వైద్య విద్య ముగించేవారి అప్పు మామూలుగా 2 లక్షల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, భయం సహజం. పట్టా వచ్చాక ఎన్‌ఐహెచ్ అప్పు తీర్చే పథకం ఒకటుంది. లాభాపేక్ష లేని సంస్థలో వారానికి కనీసం 20 గంటలు పరిశోధన చేస్తే ఏడాదికి 50,000 డాలర్ల దాకా నీ చదువు అప్పు వాళ్లు తీరుస్తారు. పోటీ ఉంటుంది, దేశ పౌరులకో శాశ్వత నివాసులకో మాత్రమే ఇస్తారు. ఆ సంగతి రెసిడెన్సీ మధ్యలో ఎవరో చెబితే విని ఆశ్చర్యపోయేవారిని చూశాను. నువ్వు ఇప్పుడే గుర్తు పెట్టుకో.

మనోవైద్య రెసిడెన్సీ నాలుగేళ్లు. కొన్నిచోట్ల పరిశోధన కోసం విడిగా సమయం ఇచ్చే రెసిడెన్సీలున్నాయి. ఇంటర్వ్యూలో ‘వారంలో ఏ రోజులు, ఏ సంవత్సరం నుంచి?’ అని సూటిగా అడుగు. ‘ప్రోత్సహిస్తాం’ అన్న జవాబు వస్తే సమయం లేదని అర్థం. ఆ తర్వాత కె23 అనే గ్రాంటు ఉంది. రోగులతో పరిశోధన చేసే యువ వైద్యులకు ఐదేళ్ల దాకా ఇస్తారు, నీ పని సమయంలో 75 శాతం పరిశోధనకు కేటాయించాలని అది షరతు పెడుతుంది. విభాగాధిపతి తర్వాత మాట మార్చకుండా ఆ షరతే నిన్ను కాపాడుతుంది.

ప్రశ్న: ఒక వ్యాసానికి నేను ఏడాది పని చేశాను. మొదటి ముసాయిదా నాదే. అచ్చు అయ్యేసరికి నా పేరు నాలుగోది అయింది. అడిగితే ‘నువ్వింకా విద్యార్థివి’ అన్నారు. ఏం చేయాలి?

జవాబు: విద్యార్థి అన్నది కారణం కాదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయితకు నాలుగు అర్హతలు చెప్పింది. పని రూపకల్పనలోనో వివరాల్లోనో గణనీయమైన పాత్ర ఉండాలి. రాయడమో కీలకంగా సవరించడమో చేయాలి. చివరి ప్రతికి ఆమోదం ఇవ్వాలి. పనికి బాధ్యత వహించాలి. వీటిలో వయసు, హోదా లేవు. పేర్ల క్రమం మాత్రం రచయితలు తమలో తాము తేల్చుకోవలసిందని ఆ సంఘమే అంటుంది. సరిగ్గా అక్కడే బలహీనులు నష్టపోతారు.

అచ్చయిన వ్యాసాన్ని మార్చడం కష్టం. మీ ముసాయిదాలు, తేదీలున్న ఈమెయిళ్లు భద్రపరచుకుని కళాశాలలో విద్యార్థుల ఫిర్యాదులు వినే అధికారితో ఒకసారి మాట్లాడండి. ఆ వివరాల నుంచి రెండో వ్యాసం వచ్చే అవకాశం ఉంటే మొదటి పేరు మీదేనని ముందుగా రాతపూర్వకంగా అడగండి. ఈ ఉత్తరం చదివే ఆచార్యులకు నా మనవి. పని మొదలుపెట్టిన వారంలోనే పేర్ల క్రమం కాగితం మీద పెట్టండి, పని మారితే మార్చండి. ఏడాది తర్వాత ఒక పిల్లవాడు మీ గది బయట నిలబడి ధైర్యం కూడగట్టుకోవలసిన అవసరం రాకూడదు.

ప్రశ్న: నా విద్యార్థిని లాటినా. పొలాల్లో కూలికి వెళ్లే తల్లుల్లో కుంగుబాటు మీద, వాళ్ల మధ్యనే పనిచేసే ఆరోగ్య కార్యకర్తలతో కలిసి అధ్యయనం చేస్తానంటుంది. మెదడు చిత్రాల పరిశోధన వైపు మళ్లించమని, గ్రాంట్లు అటే వస్తాయని సహోద్యోగులు అంటున్నారు. ఏది న్యాయం?

జవాబు: మీ సహోద్యోగులు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, చదువు, ప్రచురణలు వంటివి సరిచూశాక కూడా నల్లజాతి పరిశోధకులకు ఎన్‌ఐహెచ్ గ్రాంటు వచ్చే అవకాశం తెల్లవారికంటే 10 శాతం పాయింట్లు తక్కువ. 2019లో వచ్చిన మరో విశ్లేషణ, ఆ తేడాలో 20 శాతానికి పైగా పరిశోధనాంశం ఎంపిక వల్లనే అని చూపింది. సమాజం మధ్య, జనసమూహాల మీద చేసే పనికి నిధులు తక్కువగా వస్తున్నాయి. నిధులిచ్చేవారు మారాలి, ఆ మాట మనం గట్టిగా అనాలి.

అమ్మాయికి ఈ రెండు లెక్కలూ దాచకుండా చెప్పండి. తర్వాత నిర్ణయం ఆమెది. అంశాన్ని మాత్రం మీరు మార్చకండి. ఆమె కసరత్తు పెంచండి. చీటీ తీసినట్టు మనుషుల్ని గుంపులు చేసి పోల్చే యాదృచ్ఛిక పరీక్ష రూపకల్పన, గణాంకాలు, స్పానిష్ అనువాదాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూసే పద్ధతి ఇవన్నీ నేర్పించండి. ఆ తల్లులు ‘నెర్వియోస్’ (స్పానిష్‌లో నరాలు) అన్న మాట వాడినప్పుడు అది కుంగుబాటా, భయమా, ఒంటి నొప్పా అన్నది మీకూ నాకూ వెంటనే తెలియదు. అమెరికా మనోవైద్య సంఘం 2013లో తెచ్చిన మానసిక వ్యాధుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5లో ‘అటాకే దే నెర్వియోస్’ (నరాల దాడి) గురించి ఒక చిన్న పేరా ఉంటుంది. ఆ పేరాలో పట్టనిది ఆమె వాళ్ల అమ్మమ్మ నోట విని ఉంటుంది. చెప్పించుకోండి.

ప్రశ్న: నేను రెసిడెంటును. ఒక ఆదిమ అమెరికన్ తెగలో లాలాజల నమూనాలు తీసుకుని మానసిక వ్యాధుల జన్యువుల మీద పనిచేయాలనుకుంటున్నాను. ఆ తెగకే చెందిన విద్యార్థి ఒకరు మా బృందంలో ఉన్నారు. అతని ద్వారా వెళ్తే పని సులువవుతుందా?

జవాబు: ఆ ఆలోచన దయచేసి మానుకోండి. అతణ్ణి ముందు నిలబెట్టి నమ్మకం సంపాదిస్తే, రేపు ఏ పొరపాటు జరిగినా సొంత మనుషుల ముందు తలవంచుకోవలసింది అతను.

హవాసుపాయ్ తెగ కథ చదవండి. గ్రాండ్ కాన్యన్ లోతుల్లో ఉండే చిన్న తెగ. తమలో ఎక్కువగా ఉన్న మధుమేహం గురించి తెలుస్తుందన్న ఆశతో 1990లో రక్తం ఇవ్వడం మొదలుపెట్టారు. అదే రక్తాన్ని స్కిజోఫ్రీనియా మీద, రక్తసంబంధీకుల మధ్య వివాహాల మీద, వలసల మీద అధ్యయనాలకు వాడారని తర్వాత తెలిసింది. కేసు నడిచి, 2010లో ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలు తిరిగి ఇచ్చింది. ఆ కుటుంబాల్లో మానసిక వైద్యం అవసరమైనవారు ఆ తర్వాత డాక్టరును ఏ మనసుతో చూసి ఉంటారు!

ముందు తెగ పాలకమండలి దగ్గరికి మీ విభాగం పెద్దలు వెళ్లాలి. తెగకు సొంత సమీక్షా సంఘం ఉంటే దాని అనుమతి కావాలి. నమూనాలు ఎవరివి, ఎక్కడ ఉంటాయి, ఏ పనికి వాడకూడదు, అచ్చుకు ముందు ఎవరు చదువుతారు అన్నవి రాసుకోవాలి. రెసిడెన్సీ అయిపోయేలోపు ఇది తేలదు. అప్పటిదాకా మీ విద్యార్థికి మీ దగ్గరున్న వేరే వివరాల మీద పని ఇవ్వండి.

ప్రశ్న: మూడేళ్లు వెంట ఉండి పరిశోధన నేర్పిన విద్యార్థిని, చివరికి ఊరికి వెళ్లి క్లినిక్ పెట్టుకుంటానంటోంది. నా శ్రమ వృథా అయిందా అని బాధగా ఉంది.

జవాబు: బాధపడండి, అది సహజం. ఆమె ముందు మాత్రం చూపించకండి. తన జిల్లాలో మనోవైద్యులే లేనప్పుడు, రోగులను చూడాలన్న కోరిక పరిశోధనను వెనక్కి నెట్టడం నేను చాలాసార్లు చూశాను. ముందుగా ఒక్కటి మెల్లగా అడగండి. తను కోరుకుని వెళ్తోందా, లేక ఇక్కడ ఎవరైనా ఏదైనా అని విసిగించారా? రెండోదైతే సరిదిద్దవలసింది మీ విభాగాన్ని.

మేనమామ గురించి చెప్పిన అమ్మాయి సంగతి పైన రాశాను. ఆమె కూడా రెసిడెన్సీ అయ్యాక సొంత ఊరికే వెళ్లిపోయింది. నేను ఆరోజు ఇంటికొచ్చి చాలాసేపు మౌనంగా కూర్చున్నాను. ఇప్పుడు ఆమె క్లినిక్‌లో మొదటిసారి వచ్చిన ప్రతి రోగినీ నిద్ర, హుషారు, కుంగుబాటు గురించి అడిగి ఒక కాగితం మీద నమోదు చేస్తోంది. కిందటి నెల ఫోను చేసి, అలాంటి కాగితాలు ఒక అలమర నిండిపోయాయని, వాటిని ఏ పద్ధతిలో, ఎవరి అనుమతితో చదవాలో చెప్పమని అడిగింది. అనుమతి దరఖాస్తు ఆమె రాస్తోంది, పట్టిక నేను గీస్తున్నాను. వచ్చే మంగళవారం సాయంత్రం ఆమె చివరి రోగి వెళ్లిపోయాక ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రెండూ చూడబోతున్నాం.